ఏటి ఒడ్డా, పరీవాహకమా?

సందేహం: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఆదివారాలు కొందరు మిత్రులం సీతాసాగరం చెరువు చుట్టూ తిరిగి, పొలాలకు అడ్డంపడి మహేంద్రతనయ ఏటి దాకా నడిచి వస్తుంటాం. ఆ నడక గురించి మా తెలుగు సంఘం సంచికకు రాస్తూ ‘గెడ్డ దాటి ఏటి ఒడ్డుకు చేరాం’ అన్నాను. దిద్దినవారు గెడ్డ కొట్టేసి ‘వాగు’ అనీ, ఏటి ఒడ్డు కొట్టేసి ‘నదీ పరీవాహక ప్రాంతం’ అనీ మార్చారు. ఏది సరైనది? పరివాహకమా, పరీవాహకమా అన్నది కూడా చెప్పగలరు.

సమాధానం: ముందు ఆ దిద్దినవారితో నా మాటగా చెప్పండి: ఏటి ఒడ్డు పరీవాహక ప్రాంతం కాదు. వర్షాకాలం వస్తే చాలు, ‘గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారు, వంశధార పరీవాహక ప్రాంత ప్రజలు సురక్షిత ప్రాంతాలకు తరలాలి’ అని వార్తలు చదువుతారు. వంశధార పుట్టేది కలహండి జిల్లా లాంజిగఢ్ దగ్గర. గుణుపురం మీదుగా సుమారు 254 కిలోమీటర్లు పారి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఏ నేల మీద పడ్డ వాన ఏటిలోకి దిగుతుందో ఆ నేలంతా పరీవాహక ప్రాంతం. ఈ లెక్కన కలహండి కొండల మీద ఉన్నవారూ మూటాముల్లె సర్దుకోవాలి! ఏటి పక్కనున్న పల్లెలకు చెప్పాలంటే ‘ఒడ్డున ఉన్న ఊళ్ళు’ అంటే సరిపోయేది. ప్రవాహం పక్కన ఉండేది పరీవాహకం అనుకున్నారో ఏమో.

ఇంతకీ పరీవాహం అంటే అసలు అర్థం నీళ్ళు వచ్చే చోటు కాదు, పోయే చోటు. ‘జలోచ్ఛ్వాసాః పరీవాహాః’ అన్నాడు అమరకోశంలో అమరసింహుడు. నిండిన నీరు ఊపిరి వదిలే దారి అన్నమాట. మన చెరువు అలుగు అదే. శ్రావణ భాద్రపదాల్లో చెరువు నిండి, రాతి కట్టడం మీదుగా నీళ్ళు పలచని పొరలా జారి, కింద నురగలు కక్కుతుంటే పిల్లలు ఎదురెక్కే చేపల కోసం వలలు పట్టుకుని నిలబడతారే, అది పరీవాహం. మదుము వేరు. పొలానికి నీళ్ళు కావాలని మనం తలుపు ఎత్తితే పారేది మదుము. చెరువు తాను మోయలేనిది తానే వదిలేది అలుగు.

ఈ మాటను భవభూతి వాడినంత అందంగా మరొకరు వాడగా నేను చూడలేదు. ఉత్తరరామచరితం మూడో అంకం. పంచవటిలో పాత గుర్తులు చూసి రాముడు కుమిలిపోతున్నాడు. సీత ఎవరి కంటా పడకుండా పక్కనే ఉంది. ఆమెకు తోడుగా ఉన్న తమస అంటుంది:

పూరోత్పీడే తటాకస్య పరీవాహః ప్రతిక్రియా
శోకక్షోభే చ హృదయం ప్రలాపైరేవ ధార్యతే

చెరువుకు వరద మీదికొచ్చినప్పుడు అలుగు పారించడమే విరుగుడు. దుఃఖం పొంగినప్పుడు గుండె నిలిచేది ఏడుపుతోనే. ఏడవనీ అమ్మా, ఏడవకపోతే తెగుతుంది అని ఓదార్పు. గట్టు తెగడం చూసిన ఊరివారికి దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. చెబుతున్న తమస ఎవరు? తానే ఒక నది. నది నోట చెరువు సంగతి పలికించాడు మహానుభావుడు! ఇంతటి మాటను తెచ్చి, నీళ్ళు బయటికి పోయే దారిని నీళ్ళు లోపలికి దిగే నేలకు పేరుగా పెట్టుకున్నాం. అర్థం తిరగబడింది. అయినా ఇంజనీర్ల లెక్కల్లోనూ పాఠ్యపుస్తకాల్లోనూ స్థిరపడింది కనుక దాన్ని ఇప్పుడు కదపమనను. ఒడ్డుకు కూడా అంటగడితే మాత్రం ఊరుకోను.

హ్రస్వమా దీర్ఘమా? ‘ఉపసర్గస్య ఘఞ్యమనుష్యే బహులమ్’ అని పాణిని. మనిషిని చెప్పని మాటల్లో, చివర ‘ఘఞ్’ అనే ప్రత్యయం చేరితే ముందున్న ‘పరి’ లాంటి ఉపసర్గకు దీర్ఘం రావచ్చు, రాకపోవచ్చు అని. పరిహాసం, పరీహాసం లాగే పరివాహం, పరీవాహం రెండూ సాధువులు. ఆ సూత్రం ఘఞ్ ప్రత్యయానికే కనుక ‘పరివాహక’లో హ్రస్వమే ఉండాలని ఎవరైనా పట్టుబడితే కాదనలేం. పరీవాహ శబ్దానికే క చేరిందనుకుంటే దీర్ఘమూ నిలుస్తుంది. నేను దీర్ఘంతో రాస్తాను. హ్రస్వంతో రాసినవారిని దిద్దను.

ఇక గెడ్డ. శ్రీకాకుళంలోనూ మీ వైపూ కొండల మీంచి దిగే చిన్న ప్రవాహానికి అదే పేరు. వాగు తప్పు కాదు, కానీ మీ నోట లేని మాట మీ వ్యాసంలో ఎందుకు? గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి వాడుక మాటకు జంకడమేమిటండీ!

గట్టు ఎత్తుగా పోసినది, ఒడ్డు నీటి అంచు. చెరువుకు గట్టూ, ఏటికి ఒడ్డూ ఎక్కువ నప్పుతాయి. వరదకు అడ్డంగా కట్ట పోసినచోట ఏటిగట్టు అనడమూ ఉంది కనుక ఇది ఉక్కు నియమం కాదు. తీరం సముద్రానికి వదిలేయండి.

మీ వాక్యం ‘సీతాసాగరం గట్టు మీదుగా నడిచి, గెడ్డ దాటి, మహేంద్రతనయ ఒడ్డుకు చేరాం’ అని ఉంటే నాకు ఇంపుగా ఉంటుంది. ‘ఒడ్డు’ బదులు ‘రేవు’ అనాలని ఉంటే అక్కడ నీళ్ళలోకి దిగే దారి ఉండాలి. ఉందో లేదో తిరిగినవారు మీరు, మీరే చూసుకోండి.