ఆ ఫారాలు మీరెందుకు నింపుతున్నారు?

ఒక తల్లి రాశారు: ‘మా బాబుకు పదేళ్లు. లెక్క నోటితో చెబితే చకచకా చేస్తాడు, పుస్తకం తెరిస్తే బిగుసుకుపోతాడు. డిస్లెక్సియా అని, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది అని నిపుణులు తేల్చారు. మా వారు మాత్రం అదంతా బద్ధకమే అంటారు. రోజూ సాయంత్రం తానే చదివిస్తారు. చివరికి దెబ్బలు, ఏడుపులు. ఆయన మంచి పనిమంతులు, కాకపోతే రాత పని విసుగని ఫారాలన్నీ నాతోనే నింపిస్తారు. బాబును ఇదే బడిలో ఉంచాలా, ప్రత్యేక పాఠశాలకు మార్చాలా?’

అమ్మా, బడి సంగతి నాలుగు మాటల్లో తేలిపోతుంది. బడి పేరు కాదు, టీచర్‌ను చూడండి. చదవడం ఎలా నేర్పుతారని అడగండి. అక్షరానికి ధ్వనిని జతచేసి, ఒక క్రమంలో, రోజూ కొంచెం కొంచెంగా నేర్పుతామంటే కూర్చోండి. ‘శ్రద్ధ తీసుకుంటామండీ’ అని ఊరుకుంటే లేచి వచ్చేయండి. పరీక్షల్లో అదనపు సమయం ఇస్తారో లేదో కూడా కనుక్కోండి. ఇవన్నీ ఇప్పటి బడిలోనే కుదిరితే పిల్లవాణ్ని స్నేహితుల నుంచి విడదీయకండి.

నేను ఆగిపోయింది ఫారాల దగ్గర. మాటవరసకు రాసేశారు గానీ, ఉత్తరమంతా అక్కడే ఉంది. డిస్లెక్సియా తరచు కుటుంబాల్లో వస్తుంది. మీ వారికి ఉందని ఉత్తరం చూసి చెప్పను, చెప్పకూడదు. కానీ ‘బద్ధకం’ అనే మాట ఆయన చిన్నప్పుడు ఎవరి నోట విన్నారో ఎప్పుడైనా అడిగారా?

ప్రింగిల్ మోర్గన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1896లో ఇలాంటి పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి రాశారు. పాఠాలన్నీ నోటిమాటగానే సాగితే బడిలో వీణ్ని మించినవాడు ఉండడని వాడి మాస్టారు అన్నారట. ఆనాటి మాస్టారికి కనిపించింది ఈనాటి తండ్రికి కనిపించడం లేదంటే, ఆయన చూడలేక కాదు, చూడటానికి భయపడి అని నా అనుమానం.

మీరూ తక్కువేం కాదు. భర్త పరువు పోకుండా ఇన్నేళ్లు గుట్టుగా కాపాడుకొచ్చారు. దెబ్బలు మాత్రం పిల్లవాడు తింటున్నాడు. ఈ సాయంత్రం నుంచే పుస్తకం ఆయన చేతికి ఇవ్వకండి. పనిమంతులన్నారుగా, ఆ పని దగ్గరకు బాబును తీసుకెళ్లమనండి. ఒంటరిగా ఉన్నప్పుడు, ఎత్తిపొడుపు లేకుండా, ‘మీకూ ఇలాగే ఉండేదా?’ అని అడగండి. కోపం వస్తే రానివ్వండి, చెయ్యి మాత్రం లేవకూడదు.

ఆయన నోరు విప్పాక, బడి మార్చాల్సే వస్తే, ప్రవేశ ఫారం బాబును పక్కన కూర్చోబెట్టుకుని ఆయననే నింపమనండి. గంట పట్టినా సరే, మీరు కలం అందుకోకండి.