బిగుసుకుపోయిన ఫోన్

ప్రశ్న: ఫోన్ తెర ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. ఎంత తాకినా కదలదు. బ్యాటరీ ఊడదీసే వీలూ లేదు. ఆఫ్ చేయడమెలా?

జవాబు: తెరను వదిలేసి బటన్లు పట్టుకోండి. శామ్‌సంగ్ గెలాక్సీలో పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ రెండూ కలిపి 7 సెకన్లకు పైగా నొక్కాలి. గూగుల్ పిక్సెల్‌లో పవర్ ఒక్కటే, 30 సెకన్ల దాకా. ఐఫోన్ 8, ఆ తర్వాతి మోడళ్లలో వరుస ముఖ్యం: వాల్యూమ్ పెంచేది నొక్కి వదలండి, వెంటనే తగ్గించేది నొక్కి వదలండి, ఆపై పక్క బటన్‌ను ఆపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోండి. మధ్యలో పవర్ ఆఫ్ స్లైడర్ కనిపిస్తుంది. చాలామంది అక్కడే వేలు తీసేస్తారు, మీరు మాత్రం తీయకండి.

ఫొటోలు, నంబర్లు ఎక్కడికీ పోవు. సేవ్ చేయకుండా టైప్ చేసిందే పోవచ్చు. ఆన్ అయ్యాక మొదటిసారి వేలిముద్ర పనిచేయదు, పాస్‌కోడ్ కొట్టాలి. బటన్లకూ స్పందించకపోతే అరగంట ఛార్జింగ్‌లో ఉంచి మళ్లీ ప్రయత్నించండి.