భిన్నం అంటే ఏటి?

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

ఈ వేసవికి పలాసలో మీ వీధి పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి లెక్కలు చెబుతావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో నిద్ర పట్టలేదు, కొంచెం టెన్షన్ కూడా. నల్లబల్ల, సుద్దముక్కలు, మంచినీళ్లు చూసుకో. ఎండెక్కకముందే ఇళ్లకు పంపెయ్యి.

నా భయమంతా భిన్నాల దగ్గరే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఐదో తరగతి కుర్రాడొకడు లేచి, "భిన్నం అంటే ఏటండి మాస్టారూ?" అన్నాడు. నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి నోరు రాలేదు. "పైన లవం, కింద హారం, అదే భిన్నం. కూర్చో!" అని కసిరాను. పిల్లలు నవ్వారు. మర్నాటి నుంచి వాడు వెనక వరసలోకి వెళ్లిపోయాడు. ఏడాదంతా మళ్లీ ఒక్క మాట అడగలేదు.

వాడి తల్లి జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. వేళ్లన్నీ జీడిరసానికి నల్లబడి ఉండేవి. పప్పు పగిలితే ధర పడిపోతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చాలా ఏళ్లకు నిఘంటువు తిరగేస్తే కనబడింది: భిన్నం అంటే పగిలినది. సంస్కృతంలో 'భిద్' అంటే పగలగొట్టడం. విగ్రహం భిన్నమైంది అంటామే, అదే మాట. ఇంగ్లీషువాళ్ల ఫ్రాక్షన్‌కి మూలమైన లాటిన్ మాటకీ, భిన్నానికి అరబ్బులు వాడే 'కస్ర్' అనే మాటకీ అర్థం పగలడమే. లవం అంటే కోసిన ముక్క. పావు పాదం నుంచి వచ్చింది, ఆవు నాలుగు కాళ్లలో ఒకటి. ఇవన్నీ వాడికి ఒక్క నిమిషంలో అర్థమయ్యేవి. ఆ నిమిషం నేను ఇవ్వలేదు తల్లీ.

నువ్వు ఒక జీడిపప్పు తీసుకుని రెండు బద్దలుగా విడదీసి వాళ్ల చేతుల్లో పెట్టు. ఇంకోటి చిదిపి చూపించు. ముక్కలు సమానంగా లేకపోతే సగమనీ పావనీ అనలేమని వాళ్లే చెబుతారు.

నీకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎక్కం తప్పావని నేను గట్టిగా అన్నందుకు పలక విసిరికొట్టిన పిల్లవి నువ్వు! ఆ పలక చెక్క ఇప్పటికీ నా దగ్గరుంది. ఎవరైనా "ఏటి?" అని అడిగి, నీకు తెలియకపోతే, రేపు చెబుతానని వాళ్ల ముందే పుస్తకంలో రాసుకో.

వచ్చే ఆదివారం వస్తాను. వెనక వరసలో నాకూ కాస్త చోటుంచు.

మీ మావయ్య