క్లస్టర్ మెమరీ లెక్క గురించి తమ్ముడికి

తమ్ముడూ,

నాలుగు హోస్ట్‌ల (వీఎంలు, అంటే వర్చువల్ మెషిన్లు, నడిపే సర్వర్ల) క్లస్టర్ నీ చేతికి వచ్చిందని రాశావు, చాలా సంతోషం. ఒక్కోదాంట్లో 512 జీబీ, మొత్తం 2,048 అన్నావు. ఆ అంకె మర్చిపో. ఒక హోస్ట్ లేదనుకునే లెక్కేయాలి కాబట్టి నువ్వు వాడుకోగలిగింది 1,536 జీబీ, అందులోనూ హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) వాటా తీసేయాలి. హోస్ట్ ఏ అర్ధరాత్రైనా పడిపోవచ్చు. ప్యాచింగ్‌కి ఎలాగూ ఒక్కోటీ ఖాళీ చేయాల్సిందే.

హోస్ట్ పడిపోతే దాని వీఎంలను వేరే హోస్ట్‌లో లేపేది హెచ్‌ఏ. అందుకు చోటు మిగిలేలా హెచ్‌ఏ అడ్మిషన్ కంట్రోల్ చూసుకుంటుందిలే అని ధీమాగా ఉండకు. వీఎంవేర్ వీస్పియర్‌లో అది లెక్కేసేది రిజర్వేషన్లనే (వీఎంకి తప్పక దక్కేలా పక్కన పెట్టిన మెమరీనే), వీఎంకి నువ్విచ్చిన మెమరీని కాదు. రిజర్వేషన్ లేని 32 జీబీ వీఎం దాని దృష్టిలో కాస్త ఓవర్‌హెడ్ (వీఎంని నడపడానికయ్యే అదనపు మెమరీ), అంతే. అందుకే హోస్ట్ పోయిన రోజు వీఎంలన్నీ లేస్తాయి, కానీ మెమరీ చాలక ఈడ్చుకుంటూ నడుస్తాయి. వీస్పియర్ 6.5 నుంచి పెర్ఫార్మెన్స్ డిగ్రడేషన్ శాతం అని, హోస్ట్ పోతే వీఎంలు ఎంత నెమ్మదించినా పర్లేదో చెప్పే ఒక సెట్టింగ్ ఇచ్చారు. డిఫాల్ట్ 100, అంటే నోరెత్తదు. దాన్ని బాగా తగ్గించి పెట్టు, ముందుగానే హెచ్చరిక వస్తుంది.

బెలూన్ (వీఎం లోపలి నుంచి హోస్ట్ మెమరీ వెనక్కి లాక్కోవడం) కొద్దిగా కనపడగానే టెన్షన్ పడకు. స్వాప్ (వీఎం మెమరీని డిస్క్‌లోకి నెట్టడం) విషయంలో మాత్రం ఉపేక్షించొద్దు. స్వాప్ అయిన మొత్తం ఎప్పటిదో పాతది కావచ్చు. హోస్ట్ పనితీరు చూపే టూల్ ఈఎస్‌ఎక్స్‌టాప్‌లో స్వాప్ రీడ్ రేటు చూడు. అది కదులుతుంటే ఆ పూటే ఏదో ఒకటి చెయ్యి.

హోస్ట్‌లో మెమరీ బోలెడుంది, అయినా ఒక్క వీఎం మాత్రం బెలూనింగ్‌తో నత్తనడక నడుస్తోందనుకో. వెంటనే లిమిట్ (ఆ వీఎంకి దొరికే ర్యామ్‌కి పెట్టిన హద్దు) చూడు. వీఎంలు తయారుచేసే నమూనా టెంప్లేట్‌లో ఎవరో ఎప్పుడో 4 జీబీ లిమిట్ పెట్టి ఉంటారు. తర్వాత వీఎంకి 16 ఇచ్చినా లిమిట్ అక్కడే ఉండిపోతుంది. లోపల విండోస్ 16 ఉందనుకుంటుంది, అసలు ర్యామ్ దొరికేది 4 మాత్రమే. అన్‌లిమిటెడ్ టిక్ పెడితే సమస్య తీరిపోతుంది. ఇది తెలియక కొత్త ర్యామ్ కొనేవాళ్లున్నారు, నాకు అదే బాధ.

ఇంకో మాట. యాక్టివ్ మెమరీ (ఈమధ్యే వాడిన మెమరీ) గ్రాఫ్ చూసి డేటాబేస్ వీఎంల మెమరీ కోయకు. అది కొన్ని పేజీల శాంపిల్ తీసి కట్టే అంచనా. డేటాబేస్ క్యాష్ దానికి ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. డేటాబేస్ చూసుకునే డీబీఏతో కూర్చుని మాట్లాడాకే చెయ్యి వెయ్యి. ప్రొడక్షన్ జావా వీఎంలకైతే పూర్తి రిజర్వేషన్ ఇచ్చెయ్, బేరాలొద్దు. కోత తప్పకపోతే టెస్ట్ మెషిన్లతో మొదలుపెట్టు.

వీఎంల వివరాలు షీట్లుగా ఇచ్చే టూల్ ఆర్‌వీటూల్స్‌లో మెమరీ షీట్ తీసి పంపు, లిమిట్ కాలమ్ ఇద్దరం కలిసి చూద్దాం.

ఉంటాను,
అన్నయ్య