సొమ్మంతా ముందే పంపకండి

నమూనా నచ్చింది, విదేశీ ఫ్యాక్టరీ మొదటి ఆర్డరుకే సొమ్మంతా ముందుగా అడుగుతోంది, పంపవచ్చా అని అడిగారు. దయచేసి పంపకండి. సాధారణంగా 30 శాతం బయానా ఇచ్చి, మిగిలిన 70 శాతం సరుకు ఓడ ఎక్కే ముందు చెల్లిస్తారు. మీ చేతిలో ఉండే పట్టు ఆ 70 శాతమే. తనిఖీలో సరుకు నెగ్గాకే అది చెల్లిస్తామని ఒప్పందంలో రాయించండి.

తనిఖీ ఫ్యాక్టరీ మనుషులకు వదలకండి, మీరు రుసుము కట్టే వేరే సంస్థతో చేయించండి. వాళ్లు ఐఎస్‌ఓ 2859-1 అనే అంతర్జాతీయ తనిఖీ ప్రమాణం ప్రకారం కొన్ని వస్తువులు ఎంపిక చేసి చూస్తారు. ఏది చిన్న లోపం, ఏది పెద్దది, ఎన్ని దాటితే సరుకు వద్దనాలో ముందే తేల్చాల్సింది మాత్రం మీరే. చాలామంది ఇక్కడే నష్టపోతారు. ‘నమూనాలాగే ఉండాలి’ అని రాస్తే చాలదు. కొలతలు, ముడిసరుకు, రంగు, ప్యాకింగ్ అన్నీ రాయండి. ఇద్దరూ సంతకం చేసిన నమూనా ఒకటి మీ దగ్గరా ఉంచుకోండి.

సరుకు తయారీకి వాడే అచ్చులకు (మోల్డులకు) డబ్బు మీదైతే అవి మీ సొంతమని కూడా రాయించుకోండి, లేకుంటే రేపు ఫ్యాక్టరీ మారడం కష్టం. తయారీ చైనాలో అయితే ట్రేడ్‌మార్కుకు అక్కడ వెంటనే దరఖాస్తు పెట్టండి. ఆ దేశంలో ముందు దరఖాస్తు చేసినవారికే ప్రాధాన్యం.

ఈ షరతులకు వాళ్లు ఒప్పుకోకపోతే ఆర్డరు పరిమాణం తగ్గించి అడిగి చూడండి. అప్పటికీ కాదంటే వేరే ఫ్యాక్టరీ వెతుక్కోండి.