శ్రీకాకుళం పల్లెల్లో, కాలనీల్లో పోలీసులు ముందుగా దేనిమీద దృష్టి పెట్టాలి?

నా ఉద్దేశంలో మొదటిది తాళం వేసిన ఇళ్లు. ఉద్దానం నుంచి కుటుంబాలకు కుటుంబాలే పనుల కోసం వలస వెళ్తాయి. గేటుకు తాళం, అరుగు మీద ఊడ్వని ఎండుటాకులు కనిపిస్తే దొంగకు ఇంకేం కావాలి? ఊరెళ్లేముందు స్టేషన్‌లో చెప్పి, రాత్రి గస్తీ బీటులో మీ వీధిని చేర్చమని అడగండి. ఆ బీటు కాగితం మీద కాదు, వీధిలో తిరగాలి.

తర్వాత 16వ నంబరు జాతీయ రహదారి. చీకటి పడ్డాక లైట్లు లేని ట్రాక్టర్లు, సైకిళ్లు రోడ్డు దాటే చోట చలానాల కంటే ఒక కానిస్టేబుల్ నిలబడటం, వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించడం ముఖ్యం.

ఇంట్లో హింస ఉంటే గ్రామ, వార్డు సచివాలయం మహిళా పోలీసుకు చెప్పండి. అత్యవసరమైతే 112, సైబర్ మోసమైతే వెంటనే 1930. కాగ్నిజబుల్ నేరమైతే (అంటే వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరమైతే) ‘మా పరిధి కాదు’ అనడానికి లేదు: 2024 జులై 1న అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే.