ఆయాసం వస్తోందని నడక మానకు

పర్లాకిమిడి

చెల్లాయికి, అప్ప ఆశీస్సులు.

"మంచం దిగితేనే ఆయాసం, ఇంక నడకెక్కడిది అప్పా" అన్నావు నిన్న ఫోన్లో. రాత్రంతా ఆ మాటే మనసులో తిరిగింది. నీకూ నాలాగే సీఓపీడీ, అదే ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకైపోయే జబ్బు, అని డాక్టరు చెప్పాడంటే నాకు ఆశ్చర్యం కలగలేదే. ఇద్దరం ఒకే వంటింట్లో, ఒకే ఊదుగొట్టంతో కట్టెల పొయ్యి ఊది పెరిగినవాళ్లం.

ఊపిరితిత్తుల్లో చెడిపోయింది నడకతో బాగవదు. కానీ కూర్చుండిపోతే కాళ్లలో కండ కరిగిపోతుంది. బలం లేని కాళ్లు నాలుగడుగులకే గాలి అడుగుతాయి. ఆయాసం ఇంకా పెరుగుతుంది. భయంతో రెండేళ్లు కూర్చుని, పెరట్లోకి కూడా వెళ్లలేని స్థితికి వచ్చాక నాకిది తెలిసింది.

ముందు మీ డాక్టర్ని అడుగు, ఇన్‌హేలర్ ఎప్పుడు వాడాలి, ఆక్సిజన్ ఎంతకి తగ్గితే ఆగాలి అని. నన్నయితే నడకకి పావుగంట ముందు రెండు పఫ్‌లు తీసుకోమన్నారు, ఆక్సిజన్ 88 శాతం కంటే తగ్గితే ఆగమన్నారు. ఆక్సీమీటర్ పెట్టే వేలికి గోళ్లరంగు ఉండకూడదు, లెక్క తప్పుతుంది.

ఒకసారి మాఘమాసంలో పక్కింటివాళ్లతో తెల్లారకుండానే మహేంద్రతనయ ఒడ్డుకి బయల్దేరాను. మంచు, పైగా ఎవరో ఆకులు పోగేసి కాలుస్తున్నారు. వాళ్లతో సమానంగా నడవాలని పోయి గట్టు మీద కూలబడ్డాను. పెదాలు నీలంగా మారాయట. మళ్లీ ఎప్పుడూ ఒకరి వేగంతో నడవలేదు.

ఇప్పుడు ఎండ కాస్త వచ్చాక, ప్లాట్‌ఫారం టికెట్ తీసుకుని స్టేషన్లో నడుస్తాను. నేల చదును, పొగ లేదు, బెంచీలున్నాయి. ఒక బెంచీ దాకా నడవడం, కూర్చోవడం, మళ్లీ లేవడం. మొదట్లో మొత్తం 5 నిమిషాలే. మూడు నెలలకి 20 అయింది. రెండడుగులు ముక్కుతో పీల్చు, నాలుగడుగులు పెదాలు సున్నాలా చుట్టి వదులు. ఊదుగొట్టం ఊదినట్టు కాదమ్మా, ఎదురుగా దీపముంటే వంగాలి కానీ ఆరకూడదు, అంత మెల్లగా. లోపల చిక్కుకున్న గాలి పోతేనే కొత్తగాలికి చోటు. నడుస్తూ చిన్న వాక్యం చెప్పగలిగితే పర్వాలేదు. మాట మాటకీ ఆగాల్సి వస్తే కూర్చో. కూర్చోవడం ఓడిపోవడం కాదు, అదీ వ్యాయామంలో భాగమే.

వానరోజు ఇంట్లోనే కుర్చీలోంచి లేచి కూర్చో, పదిసార్లు. లేచేటప్పుడు గాలి వదులు. బిందె ఎత్తినా అంతే, ఊపిరి బిగబట్టకు.

తిన్న వెంటనే వద్దు. జ్వరమొచ్చినా, కఫం రంగు మారినా నడక మానేసి డాక్టరుకి చెప్పు. ఛాతీనొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లు. ఉత్త ఆయాసమైతే పడుకోకు. ముందుకి వంగి, మోచేతులు తొడల మీద ఆనించి, మెల్లగా వదులుతూ ఉండు. ఇన్‌హేలర్ సంచిలోనే ఉండాలి.

సంక్రాంతికి గుణుపురం బండెక్కి వచ్చెయ్. దిగగానే గేటు వైపు పరిగెత్తకు. మొదటి బెంచీ మీద నేను కూర్చుని ఉంటాను.

మీ అప్ప